ముందు పిల్లల సీటు, ఆ తర్వాతే కారు

ఇంట్లోకి పసిబిడ్డ వచ్చిన ఏడాదికో రెండేళ్లకో చాలా కుటుంబాల్లో ఒక మాట మొదలవుతుంది: ఇక స్కూటర్ మీద కష్టం, ఎలాగోలా కారు తీసుకోవాలి. అక్కణ్నుంచి విచారణలే విచారణలు. లీటరుకు ఎంత ఇస్తుంది, రేపు అమ్మితే ఎంత వస్తుంది, మన ఊరి గతుకుల్లో కింద తగలదు కదా, డౌన్‌పేమెంట్ ఎంత, ఈఎంఐ ఎన్నేళ్లు. పిల్లలు సరదాపడతారని సన్‌రూఫ్ ఉన్న మోడల్ మీద కూడా ఒక కన్ను వేస్తారు. ఇవన్నీ అడగవలసినవే, కాదనను. అయితే ఇవి స్టీరింగ్ పట్టుకునేవారి ప్రశ్నలు, డబ్బు కట్టేవారి ప్రశ్నలు. అసలు కారు కొనాలన్న ఆలోచన ఎవరి వల్ల వచ్చిందో ఆ పది కిలోల మనిషి ఎక్కడ కూర్చోవాలి, ఎలా కూర్చోవాలి అని షోరూంలో అడిగేవాళ్లు అరుదు. అమ్మ ఒళ్లో కూర్చుంటుంది, అంతేగా అనుకుంటాం. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ 'అంతేగా' గురించే. పసిపిల్లలున్న ఇంటివాళ్లు ముందు పిల్లల సీటు సంగతి తేల్చుకుని, ఆ సీటు సరిగ్గా బిగిసే కారును తర్వాత వెతుక్కోవాలన్నది నా అభిప్రాయం. మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు.

ఒడి సంగతే ముందు చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు ఎదురుగా ఉన్నదాన్ని గుద్ది, ముందుభాగం అర మీటరు మేర నుజ్జయి ఆగిపోయిందనుకోండి. ఆ ఆగడానికి సెకనులో పదోవంతు కూడా పట్టదు. కారు ఆగుతుంది గానీ లోపల ఉన్నవాళ్ల శరీరాలు ఆ 50 కిలోమీటర్ల వేగంతోనే ముందుకు పోతాయి. వాటిని ఏదో ఒకటి ఆపాలి. పది కిలోల బిడ్డను ఆ క్షణంలో పట్టి ఉంచాలంటే లెక్క ప్రకారం దాదాపు రెండు వందల కిలోల బరువును ఆపగలిగే పట్టు కావాలి. రెండు క్వింటాళ్ల బియ్యాన్ని ఒక్క కుదుపులో చేతుల మీద నిలబెట్టే తల్లి గానీ తండ్రి గానీ లేరు. ప్రేమకు, భుజబలానికి సంబంధించిన విషయం కాదిది. పైగా తల్లి బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువంతా బిడ్డ మీద పడుతుంది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు వేసుకుంటే మరీ ప్రమాదం, ఎందుకంటే బెల్టుకూ తల్లి శరీరానికీ మధ్య నలిగేది బిడ్డే. ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఎయిర్‌బ్యాగ్ కూడా శత్రువవుతుంది. అది పెద్దవాళ్ల ఛాతీని దృష్టిలో పెట్టుకుని, రెప్పపాటు కంటే ముందే తెరుచుకునేలా చేసిన సంచి. దాని దారిలో పసివాడి తల ఉండకూడదు.

పసిపిల్లల శరీరం పెద్దవాళ్ల శరీరానికి చిన్న నమూనా అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. పుట్టిన బిడ్డ పొడవులో తల ఒక్కటే దాదాపు నాలుగో వంతు ఉంటుంది. పెద్దయ్యాక ఏడో వంతుకో ఎనిమిదో వంతుకో వస్తుంది. ఇంత బరువైన తలను మోసే మెడ ఎముకలు తొలి ఏళ్లలో ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. అందుకే మొదటి ఏడాది, రెండేళ్లు బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపు ఉండేలా సీటు బిగించాలంటారు. ఎదురుదెబ్బ తగిలినప్పుడు ఆ తాకిడి మెడ ఒక్కదాని మీద పడకుండా తల, మెడ, వీపు మొత్తం సీటు వీపులోకి ఒత్తుకుంటాయి. ఐరోపా దేశాలు పాటించే ఆర్129 ప్రమాణం కనీసం 15 నెలల వరకు ఇలాగే కూర్చోబెట్టాలంటుంది. స్వీడన్‌లో నాలుగేళ్ల దాకా ఇలా కూర్చోబెట్టడం మామూలు విషయం. ఆ తర్వాత భుజాల మీదుగా, నడుము మీదుగా పట్టీలున్న సీటు. ఇంకాస్త ఎదిగాక కారు బెల్టు భుజం మీద, తొడల పైన సరిగ్గా పడేలా పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే బూస్టర్. మామూలు బెల్టు ఒక్కటే వేస్తే పైపట్టీ మెడకు, కిందిపట్టీ మెత్తని కడుపుకు పడుతుంది. ఇలాంటి సీట్లు సరిగ్గా వాడితే పిల్లల మరణాలు 60 శాతం దాకా తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన చట్టమూ ఊరుకోలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లు నిండని పిల్లల్ని బెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ భద్రపరచకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. వెనక సీటు వంక చూసి ఈ జరిమానా రాసే చోట్లు ఎన్ని ఉన్నాయన్నది వేరే సంగతి.

ఇక్కడ చదువుకున్న శ్రోతలు ఒక మాట అంటారు: మేం ఫైవ్ స్టార్ రేటింగ్ ఉన్న కారే కొంటున్నాం, ఇంక భయమేమిటి? ఈ నక్షత్రాల కథ కాస్త నిదానంగా వినాలి. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన మార్కెట్లో బాగా అమ్ముడయ్యే ఐదు చిన్న కార్లను గుద్ది చూస్తే, పెద్దల రక్షణలో అయిదింటికీ సున్నా నక్షత్రాలే వచ్చాయి. ఆ దెబ్బతో కంపెనీల్లో కదలిక వచ్చింది. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న తొలి భారతీయ కారయింది. దేశమంతా చెప్పుకుంది. అయితే ఆ ఐదు పెద్దల రక్షణకు వచ్చినవి. అదే పరీక్షలో పిల్లల రక్షణకు వచ్చినవి మూడు. 2020 మొదట్లో ఆల్ట్రోజ్‌కూ అంతే, పెద్దలకు ఐదు, పిల్లలకు మూడు. ప్రకటనల్లో ఏ అంకె పెద్దగా కనపడిందో చెప్పనక్కర్లేదు. 2023 అక్టోబరు నుంచి మనకు సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది. అందులో పెద్దల రక్షణకు 32 మార్కులు, పిల్లల రక్షణకు 49. ఆ 49లో 24 గుద్దుడు పరీక్షకు, 12 రకరకాల పిల్లల సీట్లు ఆ కారులో ఎంత చక్కగా బిగుస్తాయన్నదానికి, 13 కారులో పిల్లల కోసం ఉన్న ఏర్పాట్లకు. షోరూంలో అడగవలసిన అంకె ఈ 49లో ఎన్ని అన్నది. ఇంకో సంగతి. ఈ పరీక్షలో పిల్లలకు బదులు ఏడాదిన్నర, మూడేళ్ల వయసు బొమ్మల్ని పెడతారు, వాటిని పిల్లల సీట్లలో బిగించి మరీ పెడతారు. ఒళ్లో కూర్చోబెట్టి ఎవరూ పరీక్ష చేయలేదు. కాబట్టి సీటు లేకుండా బిడ్డను తీసుకెళ్లే ఇంటికి ఆ ఐదు నక్షత్రాల్లో బిడ్డ వాటా ఏమీ లేదు.

అయితే పెద్ద బండి కొందాం, లారీ గుద్దినా తట్టుకుంటుంది అన్న వాదన ఒకటి మన దగ్గర బలంగా ఉంది. ఎస్‌యూవీల గిరాకీకి రోడ్ల మీద భయం కూడా ఒక కారణమే, ఆ భయంలో తప్పు లేదు. బరువైన బండి, తేలికైన బండి ఢీకొంటే బరువైన దానిలో ఉన్నవాళ్లకు తక్కువ దెబ్బ తగులుతుందన్నది భౌతికశాస్త్రం. అయితే ఆ మేలు బండికి కట్టుబడి ఉన్నవాళ్లకే దక్కుతుంది. 2022 సెప్టెంబరు 4న ముంబయి–అహ్మదాబాద్ హైవే మీద పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు వంతెన గోడను గుద్దింది. అది ఖరీదైన విదేశీ కారు, ఎయిర్‌బ్యాగులకు లోటు లేనిది. ముందు కూర్చున్న ఇద్దరూ బతికారు. వెనక కూర్చున్న ఇద్దరూ చనిపోయారు. ఆ ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఇది ఎక్కడో ఒకచోట జరిగిన వింత కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో సీటు బెల్టు పెట్టుకోకపోవడం వల్ల చనిపోయినవారు 16,715 మంది. వారిలో దాదాపు సగం మంది డ్రైవర్లు కాదు, ప్రయాణికులు. ఇన్ని తెలిసీ, బెల్టు పెట్టుకోమని కారు మొత్తుకుంటుంటే దాని నోరు మూయించడానికి ఉత్త క్లిప్పులు కొని బకిల్‌లో దూర్చే జాతి మనది. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశిస్తే ఆన్‌లైన్ దుకాణాలు తొలగించిన అలాంటి క్లిప్పుల ప్రకటనలు 13,118.

పెద్ద బండికి పిల్లల విషయంలో ప్రత్యేకమైన చిక్కులు కూడా ఉన్నాయి. బానెట్ ఎత్తు పెరిగేకొద్దీ దాని ముందు నిలబడ్డ మూడేళ్ల పిల్ల డ్రైవరుకు కనపడదు. వెనక సంగతీ అంతే. ఇంటి ముందు కారు రివర్స్ చేస్తున్నప్పుడు చక్రాల కిందికి వచ్చే పిల్లలు చాలాసార్లు ఆ ఇంటి పిల్లలే. 2019 జూలై నుంచి కొత్త కార్లన్నింటికీ రివర్స్ సెన్సార్లు తప్పనిసరి చేశారు గానీ, సెన్సార్ కూతకంటే కెమెరా నయం. కెమెరా కంటే, పిల్ల ఎవరి చేతిలో ఉందో చూసుకుని కారు తియ్యడం నయం. ఎత్తైన బండి మలుపుల్లో తూలే గుణం ఎక్కువ కాబట్టి ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ లేని ఎస్‌యూవీ వైపు చూడకపోవడమే మంచిది. ఇక ఏడు సీట్ల బండ్లలో మూడో వరస. పిల్లలకు అది భలే ఇష్టం, పెద్దలకు అక్కడ మోకాళ్లు పట్టవు కాబట్టి పిల్లల్నే అందులో పడేస్తాం. వెనక నుంచి వచ్చి గుద్దే వాహనానికీ ఆ వరసకూ మధ్య ఉండేది డిక్కీ తలుపు, జానెడు చోటు. సన్‌రూఫ్ గురించి ఒక్క మాటే చెబుతాను: వెలుతురు కోసమైతే సరే, పిల్లల్ని నిలబెట్టి ఊరేగించడానికైతే ఆ డబ్బుతో రెండు మంచి పిల్లల సీట్లు వస్తాయి.

మరి షోరూంలో ఏం చూడాలి? సీటు ముందే కొనేసి, దాన్ని వెంట తీసుకుని టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లమంటాను. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. వెనక సీటు వీపు, కూర్చునే భాగం కలిసే చోట చెయ్యి పెట్టి చూస్తే రెండు ఇనుప కడ్డీలు తగలాలి. వాటినే ఐసోఫిక్స్ అంటారు. పిల్లల సీటు కొక్కేలు అందులో టక్కున పడతాయి. బెల్టుతో కట్టే సీట్లూ మంచివే గానీ, కట్టడంలో పొరపాటుకు చోటెక్కువ. కొన్ని సీట్లకు పైన పట్టీ ఉంటుంది, దాన్ని తగిలించడానికి వెనక సీటు వెనకాల ఇంకో కొక్కెం ఉందో లేదో చూడాలి. వెనక్కి తిరిగి ఉండే సీటు చాలా చోటు తింటుంది. అది బిగించాక దాని ముందున్న సీట్లో ఆరడుగుల మనిషి మోకాళ్లు ముడుచుకోకుండా కూర్చోగలడా? చిన్న కార్లు చాలామటుకు ఇక్కడే ఓడిపోతాయి, అది ముందే తెలియడం మంచిదే. వెనక తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది? నిద్రపోతున్న బిడ్డను రోజూ ఎత్తి పెట్టి, ఎత్తి తీసేవాళ్ల నడుముకు ఆ తేడా తెలుస్తుంది. మధ్య సీటుకు భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా, నడుముకు మాత్రమేనా? చైల్డ్ లాక్ పని చేస్తోందా? వెనక ఏసీ గాలి వస్తోందా? మన మే నెలలో ఇది విలాసమేమీ కాదు. అన్నట్టు, కొత్త కారు ఇంటికి రాగానే మనం చేసే మొదటి పని సీటు కవర్లు వేయించడం. ఆ కవర్ల కింద వెనక బెల్టు బకిళ్లు, ఐసోఫిక్స్ కడ్డీలు సమాధి అయిపోతాయి. సీటు పక్కనుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగులుంటే వాటికీ అడ్డమే. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి దిష్టి తీసినంత శ్రద్ధగా ఆ బకిళ్లు బయటికి తీయించగలిగితే ఎంత బాగుండును.

ఇప్పుడు ఎదురయ్యే అభ్యంతరాలకు వస్తాను. మొదటిది ఖర్చు. కారుకే అప్పు చేస్తుంటే మళ్లీ సీటుకు పది, పదిహేను వేలా అంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజన్ ఉన్న పెట్రోలు కార్ల మీద పన్ను సెస్సుతో కలిపి 29 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా ఐదు లక్షల కారు అనుకుంటే తగ్గింది 55 వేలు. అందులో మూడో వంతు పెట్టినా మంచి సీటు వస్తుంది. మనవాళ్లు ఆ తగ్గిన డబ్బుతో పై వేరియంట్‌కు వెళ్తారు, అల్లాయ్ వీల్స్ వేయిస్తారు. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లకు నాది ఇంకో సలహా: ముందు రెండు ఎయిర్‌బ్యాగులూ కార్లన్నింటికీ తప్పనిసరి అయింది 2022 జనవరి నుంచే, 2019 ఏప్రిల్‌కు ముందు కార్లలో ఏబీఎస్ ఉండకపోవచ్చు. మైలేజీ మీటరు కంటే తయారీ తేదీని జాగ్రత్తగా చదవండి. సీటును మాత్రం తెలియనివాళ్ల దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొనకండి. అది ఇదివరకు ఒక ప్రమాదంలో ఉందో లేదో దాని మొహం చూసి చెప్పలేం.

రెండో అభ్యంతరం మన కుటుంబాల తీరు గురించి, ఇది గట్టిదే. ఇద్దరు పిల్లలు, నాయనమ్మ, తాతయ్య, భార్యాభర్తలు. పండక్కి ఊరికి ఒకే కారులో బయల్దేరతారు. రెండు పిల్లల సీట్లు బిగిస్తే చిన్న కారు వెనక వరసలో మూడో మనిషికి దొరికేది మూరెడు చోటు. దీనికి నా దగ్గర మంత్రం లేదు. ఆరుగురు నిత్యం కలిసి తిరిగే ఇల్లయితే, మధ్య వరసలో ఐసోఫిక్స్ ఉన్న ఏడు సీట్ల ఎంపీవీ రకం బండి ఎస్‌యూవీ కంటే మేలు. నేలకు దగ్గరగా ఉండి పెద్దవాళ్లు ఎక్కడానికి వీలు, మూడో వరసలో పెద్దవాళ్లు కూర్చునేంత చోటు. అలా తిరిగేది ఏడాదికి రెండుసార్లయితే ఆ రెండుసార్ల కోసం పెద్ద బండి కొనే కంటే, తాతయ్య నాయనమ్మలు రైల్లో హాయిగా వెళ్లొచ్చు. పెద్దవాళ్లను చిన్నబుచ్చడమని కొందరనవచ్చు. కానీ మనవడు ఒళ్లో ఉండాలా, సీట్లో ఉండాలా అన్న తగవు వచ్చే కార్లలో ఓడిపోయేది ఎప్పుడూ సీటే.

సీట్లో పెడితే ఏడుస్తాడండీ అన్నది మూడోది. ఏడుస్తాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన మొదటి రోజు నుంచీ సీట్లో పడుకోవడం అలవాటైన బిడ్డకు కారంటే అదే. రెండేళ్లు ఒళ్లో తిరిగిన తర్వాత హఠాత్తుగా కట్టేస్తే మాత్రం ఊరు దద్దరిల్లుతుంది. గంటన్నరకో రెండు గంటలకో ఆపి కాసేపు ఎత్తుకుంటే పసివాళ్ల నడుముకూ మంచిది. సిటీలో నలభై దాటం కదా, అంత అవసరమా అనేవాళ్లు మరో లెక్క వినాలి: నలభై కిలోమీటర్ల వేగంతో గుద్దడమంటే రెండంతస్తుల ఎత్తు నుంచి పడటంతో సమానం. మిగతా దారంతా ఎంత నెమ్మదిగా వెళ్లినా దానికి తేడా రాదు.

చివరిది, అన్నిటికంటే న్యాయమైనది. కార్లున్నవాళ్ల గోల మాకెందుకు అంటారు కొందరు. నిజమే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి ఎనిమిది ఇళ్లకు మించి కారు లేదు, దాదాపు సగం ఇళ్లలో మోటారు సైకిలో స్కూటరో ఉంది. మన దేశంలో కుటుంబ వాహనం అంటే రెండు చక్రాలదే. 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. బిడ్డ ఎక్కడ కూర్చోవాలి అన్న అదే ప్రశ్న బండికి వేస్తే నిజాయితీ గల జవాబు, దాని మీద బిడ్డకు చోటు లేదని. పెట్రోల్ ట్యాంకు మీద కూర్చున్న బిడ్డ నాన్నకు ఎయిర్‌బ్యాగ్ అవుతుంది. తప్పనిసరైతే 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన పాటించాలి: తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్, నడిపేవారికి కలిపి కట్టే హార్నెస్ పట్టీలు, గంటకు 40 కిలోమీటర్లు దాటని వేగం. నాలుగేళ్లు దాటితే హెల్మెట్ ఎలాగూ తప్పనిసరి, అదీ పిల్లల తలకు సరిపోయే ఐఎస్ఐ గుర్తున్నది. తొమ్మిది నెలల లోపు బిడ్డను బండి మీద తీసుకెళ్లకుండా ఆటో పిలవడమే నయం, ఆటోలో ప్రమాదం లేదని కాదు. హైవే ఎక్కి ఊరు వెళ్లాల్సి వస్తే మాత్రం బస్సును మించింది లేదు. అదే 2022 లెక్కల్లో బస్సుల్లో ప్రయాణిస్తూ చనిపోయినవారు నూటికి ఇద్దరు ముగ్గురికి మించరు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేదు. బిడ్డను తీసుకుని అమ్మ బస్సులో వెళ్లి, నాన్న ఒక్కడే హెల్మెట్ పెట్టుకుని బండి మీద వెనకే వస్తే ఆ ఇంటికి పెట్రోలు ఖర్చు కూడా పెరగదు.